ఇందాకా, ఇంకాసేపట్లోనా

దక్షిణాఫ్రికాలోని మాంటగ్యూ ఊళ్ళో ఆ ఉదయం డోరీ మొగుణ్ణి అడిగిన ప్రశ్న రెండు మాటలు. అతనిచ్చిన జవాబు ఒకే మాట.

"మాత్ర తాగావా?"

"నెట్‌నౌ."

వాళ్ళ ఆఫ్రికాన్స్ భాషలో మాత్రని వేసుకోరు, తాగుతారు. ఇక నెట్‌నౌ అంటే ఇందాక అనీ అర్థమే, ఇంకాసేపట్లో అనీ అర్థమే. పక్కన క్రియ ఉంటే ఏదో ఒకటి తేలిపోతుంది. లేకపోతే వినేవాళ్ళు తమకి కావలసింది ఏరుకుంటారు. ప్రయాణం మొదలైన రెండు ఉదయాలూ డోరీ 'ఇందాక'నే ఏరుకుంది. ఏరుకుని నిశ్చింతగా కారెక్కింది. మూడో ఉదయం మాత్రం ఆ మాట ఆమె చెవిలో పడి, ఎటూ దొర్లకుండా నిలబడిపోయింది.

కారణం ఒక రేకు లోటా.

అతని చొక్కా తీద్దామని సంచీలో చెయ్యి పెడితే మేజోడులో చుట్టిన వస్తువేదో తగిలింది. విప్పి చూసింది. మామగారు సారెల్ జాఫ్తా లోటా. ఇన్నేళ్ళూ కేప్ టౌన్‌లో వాళ్ళింటి కారు షెడ్డులో గోడకి వేలాడుతూ, మేకులూ మరలూ వేసుకోవడానికి పనికొచ్చిన లోటా. ఇప్పుడు అందులో మేకులు లేవు. బూడిద పెట్టి తోమినట్టు లోపలంతా తళతళలాడుతోంది. ఎవరైనా అంత శ్రద్ధగా ఎందుకు తోముతారు, తాగడానికి కాకపోతే?

సారెల్ బ్లౌక్లిప్ అనే ద్రాక్షతోటలో కూలీగా బతికాడు. ఆ రోజుల్లో తోటలో గంట కొట్టగానే కూలీలు లోటాలు పట్టుకుని వరసలో నిలబడేవాళ్ళు. జీతంలో కొంత భాగం వైన్‌గా పోసేవాళ్ళు. పొద్దున్నే ఒకసారి, ఎండెక్కాక ఒకసారి, పనయ్యాక మరోసారి. చివరికి ఒక వేసవిలో సారెల్ తోట కాలవలో, మోకాలి లోతు లేని నీళ్ళలో, బోర్లా పడి చనిపోయాడు. కొడుకు ఆబ్రీ ఆ తోట వదిలి లారీ డ్రైవరయ్యాడు గానీ, దాహాన్ని వదిలి రాలేకపోయాడు. అది వదలడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది. ఇప్పుడు తాగక తొమ్మిదేళ్ళు.

ఈ ప్రయాణం అతని కోరికే. "ఈ దారుల్లో నా బతుకంతా బరువులు మోశాను. ఒక్కసారి ఖాళీ చేతులతో తిరుగుదాం డోరీ. ద్రాక్షతోటలు, జింకలు, పాత ఊళ్ళు. తెల్లవాళ్ళు తిరిగినట్టు, తొందర లేకుండా." వద్దంటే నిన్ను నమ్మను అన్నట్టే. అందుకే ఆమె సరేనంది. డాక్టరు మాత్రం తేలిగ్గా తీసుకోలేదు. రోజుకొక మాత్ర రాసిచ్చాడు. అది ఒంట్లో ఉండగా వైన్ తాగితే ఒళ్ళు ఎర్రబడుతుంది, వాంతులవుతాయి, గుండె దడదడలాడుతుంది. "నీ గుండె మామూలు గుండె కాదు ఆబ్రీ," అన్నాడు డాక్టరు. "ఆ దడ తట్టుకోలేదు. గుర్తుంచుకో."

మాత్రలు లెక్కపెట్టనని డోరీ బయల్దేరేముందే మాటిచ్చింది. లెక్కపెడితే నేను మొగుణ్ణి కాదు, ఖైదీని అన్నాడతను. అందుకే అతని సీసా ముట్టుకోలేదు. కానీ ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందని ఆమె కొనిపెట్టుకున్న రెండో సీసా ఆమె చేతిసంచీలోనే ఉంది.

అతను కారులో సామాను సర్దుతున్నాడు. డోరీ స్నానాలగదిలో సింకు అంచు మీద ఒక మాత్ర పెట్టి, చెంచా వెనకవైపుతో నొక్కింది. చిన్న చప్పుడుతో నలిగింది. ఇది దొంగతనం కాదు, చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించడం లాంటిదే, అని తనకి తనే చెప్పుకుంది. ఆ పొడి కాఫీ ఫ్లాస్కులో పడింది. రెండు చెంచాల చక్కెర ఎక్కువ వేసింది.

"ఇంత పొద్దున్నే ఇన్ని డబ్బాలా?" అన్నాడు ఆబ్రీ కారు వెనక తలుపు మూస్తూ. "మాంసం రొట్టెలు, రస్కులు, గుడ్లు. మనం ఊరు చూడ్డానికి వెళ్తున్నామా, ఊరొదిలి పారిపోతున్నామా?"

"నీ నోరు ఊరుకోదుగా. అందుకే ఏదో ఒకటి అందులో పడేయాలి."

"అదీ నిజమే."

మాంటగ్యూ వీధి రెండువైపులా వెల్ల వేసిన పాత ఇళ్ళు ఎండలో మెరుస్తున్నాయి. చిన్నప్పుడు డోరీ తల్లి ఇలాంటి ఇళ్ళలోకి పెరటి గుమ్మంలోంచే వెళ్ళేది, ఉతికిన దుప్పట్ల మూట నెత్తిన పెట్టుకుని. రాత్రి అలాంటి ఇంట్లోనే ముందు గదిలో పడుకుని వచ్చింది డోరీ. ఆ విషయం తల్చుకుని సంతోషపడాలని నిన్నంతా అనుకుంది. ఇవాళ దానికి మనసులో చోటు లేదు.

అది ద్రాక్ష కోత కాలం. ఊరు దాటగానే పులుస్తున్న రసం వాసన గాలిలో కలిసి వచ్చింది. తియ్యగా, మగ్గినట్టు, ఒంటికి అంటుకునేలా. డోరీ తనవైపు అద్దం ఎత్తేసింది. ఆబ్రీ తనవైపుది దించాడు. మోచెయ్యి బయటపెట్టి, ముక్కుతో నిండుగా గాలి పీల్చాడు.

"మా అమ్మ కొప్పులో ఇదే వాసన," అన్నాడు.

దారిపక్క మిరియాల చెట్టు నీడలో కారు ఆపి కాఫీ తాగారు. అతను ఒక కప్పు తాగాడు. "తీపెక్కువైంది," అంటూనే రెండోది పోయించుకున్నాడు. కప్పు పైకెత్తినప్పుడల్లా అతని గొంతు కదలడం చూస్తూ డోరీ రస్కు కొరికింది. నమలడం మర్చిపోయింది.

బ్యారీడేల్ దాటాక బ్లౌక్లిప్ తోట. పాత తోటలో సగం ఇప్పుడు జింకలకీ అడవి పూలకీ వదిలేసిన రిజర్వు. మిగతా సగంలో వైన్ రుచి చూపించే హాలు. గంట మాత్రం అక్కడే ఉంది, రెండు తెల్ల స్తంభాల మధ్య. దాని కింద నిలబడి ఎవరో జర్మన్ దంపతులు ఫొటో తీయించుకుంటున్నారు. ఆబ్రీ కాసేపు దూరంగా నిలబడి చూశాడు. వాళ్ళు వెళ్ళాక దగ్గరికి వెళ్ళి, గంట తాడు పట్టుకోబోయి, మానేశాడు.

డోరీ చేతులు కడుక్కుని వచ్చేసరికి అతను హాల్లో బల్ల ముందున్నాడు. బల్ల వెనక చార్మేన్ అనే కుర్రపిల్ల, తెల్లపిల్ల కాదు, తమవాళ్ళ పిల్లే, గ్లాసులు తుడుస్తోంది.

"ఊమ్," అంది, బాబాయ్ అని పిలిచినట్టు. "ఎర్రది రుచి చూస్తారా? ఈ ఏడాది మెడల్ వచ్చింది."

ఆబ్రీ చెయ్యి ఊపి, నవ్వుతూ అన్నాడు. "నెట్‌నౌ."

డోరీ గుమ్మంలోనే ఆగిపోయింది. ఏ నెట్‌నౌ? ఇందాక చూశానమ్మా, చాలు అంటున్నాడా? ఇంకాసేపట్లో చూస్తాలే అంటున్నాడా? బల్ల మీద రెండు ఖాళీ గ్లాసులున్నాయి. జర్మన్ వాళ్ళవే కావచ్చు. కాకపోవచ్చు.

అప్పుడు తట్టింది ఆమెకి, పొద్దున్నుంచి తట్టని సంగతి. ఆ మాత్ర మనిషిని ఆపదు. మాత్ర వేసుకున్నానన్న ఎరుకే ఆపుతుంది. తెలిసినవాడికే అది కంచె. తెలియనివాడికి ఆకులు కప్పిన గొయ్యి. అతని దారిలో ఆ గొయ్యి తవ్విందీ, పైన రెండు చెంచాల చక్కెర చల్లిందీ తనే.

దగ్గరికి వెళ్ళి అతని కాలరు సర్దింది. సర్దుతూ ముక్కు అతని నోటికి దగ్గరగా తెచ్చింది. కాఫీ వాసన. కాఫీ వాసన మాత్రమే.

"ఎలా ఉంది?" అన్నాడు ఆబ్రీ.

"ఏది?"

"వాసన."

చార్మేన్ గ్లాసులవైపు తల తిప్పుకుంది. డోరీ చెవులు వేడెక్కాయి. ఇక్కడే చెప్పేయాలి, ఇప్పుడే. కానీ ఈ పిల్ల ముందు ఏమని చెప్తుంది? మొగుడి కాఫీలో మందు కలిపానని చెప్తుందా? ఆ మాటకి నోరు తెరవబోయి, "నాకు దాహంగా ఉంది," అంది.

"కూర్చుని నీళ్ళు తాగు. నేను పైకెళ్ళి మా నాన్నని చూసి వస్తా. కూలీల సమాధులు ఆ గుట్ట మీదే. ఎండగా ఉంది, నువ్వు రాకు."

"నేనూ వస్తాను."

"వద్దు డోరీ. ఇది నాకూ ఆయనకీ మధ్య." గొంతు కఠినంగా లేదు. అదే ఆమెని కూర్చోబెట్టింది. "నెట్‌నౌ వచ్చేస్తా." ఈసారి క్రియ ఉంది. అర్థం స్పష్టంగా ఉంది. అతను కారు దగ్గర సంచీ భుజాన వేసుకుని, రిజర్వు గేటు తోసుకుని వెళ్ళడం కిటికీలోంచి కనపడింది.

చార్మేన్ నీళ్ళు తెచ్చి ముందు పెట్టింది. "ఆంటీ, ఊమ్ ఇక్కడివారేనట కదా. మా తాతకి వాళ్ళ నాన్న తెలుసట."

"ఊఁ."

"మీరు రాకముందు, నేను మెడల్ వచ్చింది ఇస్తానన్నాను. వద్దు, మామూలు ఎర్రది, చిన్న సీసా చాలన్నారు. పెద్దవాళ్ళకి పాత రుచులే కదా. గుట్ట మీద కష్టమని కార్కు కూడా నన్నే లాగి పెట్టమని, సీసా కారులో పెట్టొచ్చారు."

డోరీ చేతిలో నీళ్ళ గ్లాసు బల్లకి తగిలి మోగింది.

గేటు దాటాక ఎర్రమట్టి దారి. ఆమెకి మోకాళ్ళ నొప్పి. పరిగెత్తడం ఎప్పుడో మానేసిన ఒళ్ళు. అయినా పరిగెత్తింది. ఫోను తీసి చూసింది, సిగ్నల్ లేదు. "ఆబ్రీ" అని అరిచింది. మోకాలెత్తు పొదల మీంచి గాలి ఎదురు వీస్తోంది. ఆమె అరుపుని ఆమె మొహానికే తెచ్చి కొట్టింది. నుదుట తెల్లమచ్చ ఉన్న జింకలు తలెత్తి చూసి, ఆమెలో చూడవలసిందేమీ లేదని మళ్ళీ గడ్డిలోకి వంగాయి.

దారి మలుపులో ఒక మగ బబూన్ కోతి కూర్చుని ఉంది. దారికి అడ్డంగా, ఇంటి అరుగు మీద కూర్చున్న పెద్దమనిషిలా. పళ్ళు బయటపెట్టలేదు, లేవలేదు. చూస్తోంది. పరిగెత్తితే వెంటపడుతుందని డోరీకి తెలుసు. నిలబడిపోయింది. రొమ్ము ఎగిసిపడుతోంది. ఆ నిలబడిపోయిన క్షణంలో, వద్దన్నా, కళ్ళ ముందు బొమ్మ కట్టింది. ఆబ్రీ బోర్లా పడి ఉన్నాడు. పక్కన లోటా దొర్లి ఉంది. తర్వాత చర్చి, నల్ల బట్టలు, పిల్లల ఏడుపు. ఆ తర్వాత ఇల్లు. నిశ్శబ్దం. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడక్కర్లేదు, ఎవరి ఊపిరీ వాసన చూడక్కర్లేదు.

ఆ బొమ్మలో ఒక మూల హాయి ఉంది.

బబూన్‌కన్నా, గుట్టకన్నా, ఆ హాయికి జడిసింది డోరీ. అయితే ఆ మాత్ర కలిపిన చెయ్యి ఎవరిది? కాపాడాలనుకున్నదాని చెయ్యేనా? లోపల ఇంకొకతె ఎవరైనా కూర్చుని ఉందా, తొమ్మిదేళ్ళుగా అలసిపోయి, ఇలాంటి ఉదయం కోసమే కాచుకుని?

బబూన్ ఒళ్ళు గోక్కుంటూ లేచి, పొదల్లోకి తీరిగ్గా వెళ్ళిపోయింది. డోరీ మళ్ళీ పరుగందుకుంది. ఈసారి ఆ ఇంకొకతె నుంచి.

సమాధులంటే రాళ్ళ కుప్పలే. కొన్నిటికి కొయ్య శిలువలు. ఆ చివర ఒక కుప్ప పక్కన ఆబ్రీ నేల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన సీసా. రెండు చేతుల మధ్య లోటా. అందులో ఎర్రగా, అంచుదాకా.

ఆమెకి ఊపిరి అందడం లేదు. పొద్దున అడిగిన ప్రశ్నే, సగం మాత్రం, నోట్లోంచి ఊడిపడింది.

"తాగావా?"

అతను తలెత్తాడు. ఆమెని అక్కడ చూసి ఆశ్చర్యపోలేదు. అలసటగా నవ్వాడు.

"నెట్‌నౌ."

"ఏ నెట్‌నౌ?" డోరీ అతని ముందు మోకాళ్ళ మీద కూలబడింది. "ఏ నెట్‌నౌ ఆబ్రీ? ఇందాకా, ఇంకాసేపట్లోనా? చెప్పు."

"నీకేది కావాలో అదే అనుకో. ఎప్పుడూ అంతేగా."

"కాఫీలో మాత్ర ఉంది. నేను కలిపాను. పొద్దున. ఫ్లాస్కులో."

నవ్వు అతని మొహం మీదే ఉండిపోయింది. దాని వెనకనున్న మనిషి మాత్రం వెళ్ళిపోయాడు. లోటావైపు చూశాడు. దాన్ని మెల్లగా, చుక్క తొణక్కుండా, రాళ్ళ మీద పెట్టాడు.

"నాలుకకి తగిలించాను," అన్నాడు. "ఇప్పుడే. నువ్వు కనపడేముందు."

"మింగావా?"

"తెలీదు. కొంచెం. తెలీదు డోరీ."

ఆమె అతని చొక్కా గుండీలు తెంపినంత పని చేసి అరచెయ్యి ఛాతీ మీద పెట్టింది. గుండె కొట్టుకుంటోంది. గట్టిగానే. కానీ ఎంత గట్టిగా కొట్టుకుంటే గట్టి? ఇన్నేళ్ళలో ఆ గుండె మీద చెయ్యి పెట్టి వినలేదు ఆమె. మామూలుగా ఎలా ఉంటుందో తెలిస్తే కదా, ఇప్పుడు ఎలా ఉందో చెప్పడానికి. అతని మొహం ఎర్రగా ఉంది. ఎండకి అందరి మొహాలూ ఎర్రగానే ఉంటాయి. అతను కళ్ళు మూసుకుని, లోపల ఎవరో నడుస్తుంటే అడుగులు వింటున్నవాడిలా, తల కొద్దిగా వంచి ఉన్నాడు. అతని పై పెదవి వణుకుతోంది. భయంతో. అతన్ని తాగి ఉండగా చూసింది, ఏడుస్తుండగా చూసింది, గోడని గుద్దుతుండగా చూసింది. భయపడుతుండగా చూడడం ఇదే మొదలు.

అలా ఎంతసేపు కూర్చున్నారో. కొండ నీడ మొదటి రాళ్ళ కుప్పని తాకింది. గుండె కొట్టుకుంటూనే ఉంది. పరుగెత్తలేదు, తడబడలేదు.

"గండం గడిచినట్టుంది," అన్నాడు ఆబ్రీ కళ్ళు తెరిచి.

డోరీ చెయ్యి తీయలేదు. "కాఫీలో మాత్ర ఉందనగానే జడిశావు. అంటే నువ్వు మాత్రలు తాగలేదన్నమాట. మూడు రోజులూ అబద్ధం చెప్పావు."

"అబద్ధం కాదు. నెట్‌నౌ అన్నాను. మాత్రలు ఇంటికెళ్ళాక తాగుదామనే అనుకున్నాను. నువ్వు నీకు నచ్చింది విన్నావు."

"తాగుదామని వచ్చావు ఇక్కడికి."

"ఒక్క గుక్క. ఆయన లోటాతో, ఆయన దగ్గర. మిగిలింది ఆయనకి పోసేద్దామని." ఒక గులకరాయి తీసి పక్కకి పెట్టాడు. "మాత్ర వేసుకుని మానేస్తే మానేసింది మాత్ర కదా, నేను కాదు. మాత్ర లేకుండా, నువ్వు లేకుండా, ఒక్క గుక్క దగ్గర ఆగగలనా అని చూసుకోవాలనుకున్నాను. ఆగి ఉండేవాణ్ణేమో. ఆగకపోయేవాణ్ణేమో. ఇప్పుడిక ఎప్పటికీ తెలీదు."

"నిన్ను చంపి ఉండేదాన్ని."

"అవును."

కాదనలేదు అతను. ఆమె ఎదురుచూసింది, కాదంటాడేమోనని. చివరికి అతనే ఆమె మణికట్టు పట్టుకుని చెయ్యి తన ఛాతీ మీంచి తీసి, ఆమె ఒళ్ళో పెట్టాడు.

"తొమ్మిదేళ్ళలో నువ్వు నన్ను ముద్దు పెట్టుకోలేదు డోరీ. వాసన చూశావు. ప్రతిసారీ నాకు తెలుసు. ఊరుకున్నాను. నేను చేసిందానికి అది తక్కువే అనుకున్నాను. కానీ వాసన చూడడం వేరు. తినేదాంట్లో కలపడం వేరు."

లోటా ఎత్తి రాళ్ళ మీద పోశాడు. ఎండకి కాలిన రాళ్ళు చప్పుడు చేస్తూ పీల్చుకున్నాయి. సీసాలో ఉన్నదీ పోశాడు. వాసన ఒక్కసారిగా లేచింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు, ఎవరి కారణం వాళ్ళది. ఖాళీ లోటాని రాళ్ళ సందులో బోర్లించి, లేచి నిలబడి, ఆమె లేవడానికి చెయ్యి అందించాడు. గుట్ట దిగుతున్నంతసేపూ ఆ చెయ్యి మాత్రం మళ్ళీ అందించలేదు.

బ్యారీడేల్‌లో తోట సరుకులమ్మే దుకాణం ముందు కారు ఆపాడు. ఎండబెట్టిన ఆప్రికాట్లు, ద్రాక్షపాకం సీసాలు, గుమ్మడికాయలు. బయట చెట్టు కింద రెండు కుర్చీలు. డోరీ లోపలికెళ్ళి రెండు కప్పుల కాఫీ, రెండు మాంసం రొట్టెలు తెచ్చింది. కౌంటర్ దగ్గర చక్కెర కలుపుతున్నంతసేపూ అద్దంలోంచి తన చేతులకేసి అతను చూస్తున్నట్టు అనిపించింది. నిజంగా చూస్తున్నాడో లేదో వెనక్కి తిరిగి చూసుకునే ధైర్యం లేకపోయింది.

కప్పులు బల్ల మీద పెట్టింది. ఒకటి అతని ముందు, ఒకటి తన ముందు.

"తాగు. చల్లారిపోతుంది."

"నెట్‌నౌ," అన్నాడు ఆబ్రీ.

ఈసారి ఏ నెట్‌నౌ అని ఆలోచించాల్సిన పని లేకపోయింది. కప్పు ఆవిర్లు కక్కుతోంది. అతను దాన్ని ముట్టుకోలేదు. రొట్టె తుంచాడు, నోట్లో పెట్టుకునేముందు, తనకే తెలియకుండా, ముక్కు దగ్గరికి తీసుకెళ్ళాడు. చాలా చిన్న కదలిక. ఇంకెవరైనా అయితే గమనించేవాళ్ళు కారు. తొమ్మిదేళ్ళు ఆ పని చేసిన మనిషి గనక డోరీ పోల్చుకుంది. తలుపు చప్పుడుకి ఉలిక్కిపడడం, పడుకుని ఊపిరి వినడం, ప్రేమగా ముట్టుకుంటున్నట్టు ముట్టుకుని వెతకడం. ఇక ఆ బతుకంతా ఇతనిది.

ఆమె చెయ్యి చాపి అతని కప్పు తీసుకుంది. నోరు కాలుతున్నా సగం దాకా తాగింది. అతను చూసేలా మింగింది. కప్పు తుడిచి మళ్ళీ అతని ముందు పెట్టింది.

ఆబ్రీ కప్పుని చూశాడు. తర్వాత ఆమె మొహం చూశాడు, ఏమైనా తేలుతుందేమోనన్నట్టు, కాసేపు కళ్ళు తిప్పకుండా. రోడ్డు మీద ద్రాక్ష బుట్టలతో ఒక ట్రాక్టరు వెళ్ళింది. అది మలుపు తిరిగి చప్పుడు ఆగేదాకా ఆగి, అప్పుడు కప్పు అందుకున్నాడు.